గుడ్డ పీలికల దూతలు: అమ్మమ్మ ఏంజెల్ అయిపోయిందా?



ఈ వారం వీడియో చూసినవాళ్ళకి తెలుసు, చివర్లో ఒక చిన్న చెక్క బొమ్మ చూపించి "దీని గురించి బ్లాగులో రాస్తాను" అని హడావుడిగా ముగించేశాను. సమయం సరిపోలేదనేది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, కెమెరా ముందు ఆ సంగతి చెప్తే గొంతు పట్టేస్తుందని భయపడ్డాను. రాయడమైతే మధ్యలో లేచి నీళ్ళు తాగి రావచ్చు.

మేముండేది డల్లాస్ దగ్గర. మా తెలుగు సహవాసంలో ఆగమన కాలం మొదలవగానే సండే స్కూల్ పిల్లలతో ఏదో ఒకటి చేయించి, ఆ వస్తువులు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి పట్టుకెళ్ళి ఇస్తాం. ఈసారి బట్టల క్లిప్పులతో దేవదూతలు చేద్దామనుకున్నాం. ఇక్కడి అమెరికన్ చర్చిల్లో ఇది చాలా పాత అలవాటు. మన ఇళ్ళల్లో వాడే స్ప్రింగు క్లిప్పు దీనికి పనికిరాదు. డేవిడ్ స్మిత్ అనే ఆయన వెర్మాంట్ రాష్ట్రంలో 1853లో స్ప్రింగు క్లిప్పుకి పేటెంట్ తీసుకున్నాడు. దానికంటే ముందు నుంచీ ఉన్నది ఒకే చెక్కతో చేసిన క్లిప్పు. పైన గుండ్రటి తల, కింద చీలిన రెండు కాళ్ళు, పొడవు నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ. స్ప్రింగు లేదు, మేకు లేదు, పాడవడానికి ఏమీ లేదు. రోజూ ఏదో ఒకటి విరిగిపోయే సాఫ్ట్‌వేర్‌తో బతికేవాడిని కదా, దాన్ని చేతిలో పట్టుకుంటే నాకు అసూయ వేసింది.

"గుడ్డ ముక్కలు ఎవరింట్లోవి వాళ్ళు తెచ్చుకోండి" అని గ్రూపులో పెట్టాం. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గుడ్డ ముక్కలకి కొదవా! జాకెట్ కుట్టించగా మిగిలినవి, ఫాల్ ముక్కలు, పిల్లల పాత పరికిణీలు, ఎవరో పెట్టిన జాకెట్ ముక్కలు సంచులకొద్దీ వచ్చాయి. ఐదు రొట్టెలతో ఐదువేలమంది తిన్నాక కూడా ప్రభువు మిగిలిన ముక్కలు ఏరమన్నాడు, ఒక్కటీ పోకూడదన్నాడు (యోహాను 6). అంత సమృద్ధిగా చేయగలిగినవాడు ముక్కల గురించి పట్టించుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆ శనివారం మా బల్ల మీద గుట్ట చూశాక మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా ఏదీ పారేయనిచ్చేది కాదు.

చేసే పద్ధతి చెప్తాను, చాలామంది అడిగారు. మూడు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు గుడ్డ ముక్క తీసుకోండి. పొడవు వైపు అంచుకి పావు అంగుళం లోపల సూదితో వరసగా కుట్టుకుంటూ పోయి, దారం లాగితే కుచ్చిళ్ళు పడతాయి. దాన్ని క్లిప్పు మెడకి, అంటే గుండ్రటి తల కింద సన్నగా ఉండే చోట, చుట్టి గట్టిగా ముడి వేయండి. గౌను అయిపోయింది. కాటన్ అయితే బుద్ధిగా నిలబడుతుంది. జార్జెట్ మాత్రం చేతిలోంచి జారిపోయి సహనం పరీక్షిస్తుంది. నాలుగు అంగుళాల జరీ అంచు ముక్క తీసుకుని మధ్యలో నొక్కి దారంతో కడితే రెండు రెక్కలు. వెనక అంటించాలి. వేడి జిగురు తుపాకీ పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండాలి. నా బొటనవేలు ఇంకా మానలేదు.

వేలాడదీసే దారం దగ్గరే అందరూ తప్పు చేస్తారు. తల మీద అంటిస్తే రెండు రోజుల్లో ఊడి పడుతుంది. మెడ వెనక, కుచ్చిళ్ళు కట్టిన ముడికే కట్టాలి. అలా కడితే బొమ్మ కొంచెం ముందుకి వంగి వేలాడుతుంది. మొదట్లో అది లోపం అనుకుని సరిచేయబోయాను. మా సండే స్కూల్ నడిపే ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనీ నాయనా, తొంగిచూస్తున్నట్టు లేదూ?" అన్నారు. మన రక్షణ సంగతుల్లోకి దేవదూతలు తొంగిచూడాలని ఆశపడతారని పేతురు తన మొదటి పత్రిక 1వ అధ్యాయంలో రాశాడు. ఆంటీ వచనం చెప్పలేదు గానీ ఆవిడ మనసులో ఉన్నది అదే.

ముందే ఒక మాట. "బొమ్మలు చేయడం విగ్రహారాధన కాదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. నిర్గమకాండము 20లో విగ్రహాలు చేసుకోవద్దన్న దేవుడే 25వ అధ్యాయంలో మందసం మూత మీద బంగారు కెరూబులు చేయమన్నాడు. సొలొమోను మందిరంలో పెట్టిన కెరూబులైతే చెక్కవే. ఒలీవ చెక్కతో ఒక్కొక్కటి పది మూరల ఎత్తు, పైన బంగారు రేకు (1 రాజులు 6). ఎవరూ వాటికి మొక్కలేదు. కానీ మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయడం మొదలుపెట్టేసరికి హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18). అంతెందుకు, ప్రకటన గ్రంథంలో యోహాను అంతటివాడే దూత కాళ్ళ మీద పడబోతే ఆ దూతే వారించాడు. కాబట్టి మన క్లిప్పు దూత చెట్టుకి వేలాడుతున్నంతవరకు పరవాలేదు. దానికి ఎవరైనా దండం పెట్టిన రోజు విరిచి చెత్తబుట్టలో వేయండి, నాకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఇది ఆ అక్క అనుమతితోనే రాస్తున్నాను. పేరు వద్దంది.

మా సహవాసంలో ఒక అక్క, గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. పోయిన వేసవిలో వాళ్ళమ్మ చనిపోయారు. వీసా కాగితాల పరిస్థితి వల్ల అక్క ఇండియాకి వెళ్ళలేకపోయింది. ఇక్కడ ఉన్నవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు, అక్కడ ఉన్నవాళ్ళకి ఎంత వివరించినా అర్థం కాదు. కడసారి చూపు ఫోన్ తెర మీదే. మధ్యలో నెట్ ఆగిపోయి, మళ్ళీ వచ్చేసరికి పెట్టె మూసేశారు. నెల తర్వాత ఎవరో వస్తుంటే వాళ్ళ నాన్నగారు వాళ్ళమ్మ చీర ఒకటి పంపించారు. ముదురు ఆకుపచ్చ పట్టు చీర, మామిడిపిందెల జరీ అంచు. అక్క పెళ్ళిలో వాళ్ళమ్మ కట్టుకున్నది. కింద కుచ్చిళ్ళ దగ్గర చిరిగి ఉంది. ఆ చిరిగిన చోటు నుంచి రెండు ముక్కలు కత్తిరించి అక్క ఆ శనివారం తెచ్చింది. ఒకటి తనకి, ఒకటి ఆరేళ్ళ కూతురికి.

ఆ పాప నా బల్ల దగ్గర కూర్చుంది. తన దూతకి ఆకుపచ్చ గౌను తొడిగి, రెండు చుక్కలతో కళ్ళు పెట్టి, తలెత్తకుండానే అడిగింది. "అంకుల్, అమ్మమ్మ ఇప్పుడు ఏంజెలా?"

నేను వెంటనే అవునన్నాను. "అవునమ్మా, అమ్మమ్మ ఏంజెల్ అయి పైనుంచి నిన్ను చూస్తోంది." అలవాటైన మాట, నోటికి వచ్చేసింది. మనం ఎంతమంది సంతాప సందేశాల్లో ఇదే రాయట్లేదు?

పాప సంతోషపడలేదు. కాసేపు ఆలోచించి, "ఏంజెల్ వస్తే అందరూ భయపడతారు కదా. నేను అమ్మమ్మని చూసి భయపడాలా?" అంది.

ఆ పాఠం వాళ్ళకి చెప్పింది నేనే. అంతకు ముందు వారమే. దూతని చూసి జెకర్యా వణికాడు, మరియ కలవరపడింది, గొర్రెల కాపరులు హడలిపోయారు, అందుకే దూత ముందుగా భయపడకండి అనాల్సి వచ్చింది, అని చేతులూపుకుంటూ చెప్పాను. యెషయా 6లో సెరాపులకి ఆరు రెక్కలు, యెహెజ్కేలు 1లో నాలుగేసి ముఖాలు, ఇవన్నీ బోర్డు మీద గీసి మరీ చూపించాను. ఆ పిల్ల అవన్నీ గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు నేనేమో వాళ్ళ అమ్మమ్మని తీసుకెళ్ళి అందులో కలిపేశాను. పప్పన్నం ముద్దలు కలిపి పెట్టిన చేతి బదులు నాలుగు ముఖాలు. ఓదార్పు అనుకుని నేను ఆమె దగ్గర్నుంచి అమ్మమ్మని లాగేసుకున్నానని అప్పుడు అర్థమైంది.

ఏదో సర్ది చెప్పి బిస్కెట్ ఇచ్చాను. కానీ ఆ రాత్రి కూర్చుని వాక్యం తెరిచాను, ఎందుకంటే వచ్చే ఆదివారం ఆమె ముఖం చూడాలి కదా.

ప్రియులారా, చనిపోయిన విశ్వాసి దేవదూత అవుతాడని బైబిలు ఎక్కడా చెప్పదు. లూకా 20లో ప్రభువు అన్నమాటని చాలామంది దీనికి వాడతారు. పునరుత్థానంలో పాలు పొందినవాళ్ళు దూతలతో సమానులని అక్కడ ఉంది. ఏ విషయంలో సమానులు? సద్దూకయ్యులు అడిగింది పెళ్ళి గురించి. ఇకమీదట చావు లేదు, పెళ్ళిళ్ళు లేవు, ఆ విషయంలో దూతల్లాంటివాళ్ళు. అంతే. మనిషి మనిషే. హెబ్రీ పత్రిక మొదటి రెండు అధ్యాయాలు కలిపి చదవండి. దూతలు సేవకులు, రక్షణ పొందబోయేవాళ్ళ కోసం పంపబడేవాళ్ళు. యేసు చెయ్యందించింది దూతలకి కాదు, అబ్రాహాము సంతానానికి. ఆయన దూత అవ్వలేదు, మనిషి అయ్యాడు. మన క్రిస్మస్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఆయన అంత దూరం దిగివచ్చి తొడుక్కున్న ఈ మనుష్యత్వాన్ని మన అమ్మమ్మలు చనిపోగానే విడిచిపెట్టేసి రెక్కలు కట్టుకుంటారా?

లాజరు సంగతి చూడండి, లూకా 16లోని బీదవాడు. చనిపోయినప్పుడు దూతలు వచ్చి అతన్ని అబ్రాహాము దగ్గరికి మోసుకెళ్ళారు. దూతలు మోశారు, అతను మోయబడ్డాడు. అక్కడికి వెళ్ళాక కూడా అతను లాజరే, ధనవంతుడు దూరం నుంచి చూసి గుర్తుపట్టాడు.

ఇంకొకటి, నాకు ఆ రాత్రే కొత్తగా కనబడింది. అపొస్తలుల కార్యములు 12. పేతురు చెరసాలలో ఉన్నాడు, సంఘం మరియ ఇంట్లో చేరి ప్రార్థిస్తోంది. పేతురు విడుదలై వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే పిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మర్చిపోయి లోపలికి పరుగెత్తింది. పెద్దవాళ్ళు నమ్మలేదు. పిచ్చిదానివన్నారు, అతని దూత అయి ఉంటుందన్నారు. ఆలోచించండి, దూత వచ్చిందంటే నమ్మగలిగారు గానీ పేతురే వచ్చాడంటే నమ్మలేకపోయారు. బయట నిలబడింది మాత్రం దూత కాదు. అదే మనిషి, అదే గొంతు, ఇంకా తడుతూనే ఉన్నాడు. పెద్దవాళ్ళ కంటే ఆ చిన్నపిల్లే సరిగ్గా చెప్పింది. నేను ఆ పెద్దవాళ్ళ గుంపులోనే ఉన్నానని ఒప్పుకుంటున్నాను.

ప్రభువు కూడా లేచాక శిష్యులు భూతమనుకుని భయపడితే చేతులు కాళ్ళు చూపించాడు, వాళ్ళ ఎదుటే కాల్చిన చేప ముక్క తిన్నాడు (లూకా 24). మనకి రాబోయేది అలాంటి లేవడం.

తర్వాతి ఆదివారం పాపని పక్కకి పిలిచి చెప్పాను. "నేను తప్పు చెప్పానమ్మా. అమ్మమ్మ ఏంజెల్ కాలేదు. ఏంజెల్స్ వచ్చి అమ్మమ్మని జాగ్రత్తగా యేసయ్య దగ్గరికి తీసుకెళ్ళారు. అమ్మమ్మ అమ్మమ్మే." పాప ఒకటే అడిగింది: "తెలుగే మాట్లాడుతుందా?" అది నాకు వాక్యంలో దొరకలేదు గానీ, ప్రకటన 7లో సింహాసనం ముందు ప్రతి భాషవాళ్ళూ ఉన్నారు, తెలుగు లేకుండా ఎలా ఉంటుంది? ఉంటుందని చెప్పాను. ఈసారి చెప్పినందుకు సిగ్గుపడట్లేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. కానీ ఆ శనివారం ఇంకొకటి జరిగింది.

గుడ్డ అంచులు పీచు లేచి దారాలు ఊడిపోకుండా ఒక చిట్కా ఉంది. పాలిస్టర్ గుడ్డ అయితే అంచుని కొవ్వొత్తి మంట పక్కగా పోనిస్తే కొంచెం కరిగి మూసుకుపోతుంది. అసలు పట్టు కరగదు, కాలుతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిద రాలుతుంది. కాబట్టి పట్టుని మంట దగ్గర పెట్టకూడదు. అక్క తన ముక్క పట్టుకుని "ఇది పట్టు కదా, ఏం చేయాలి?" అని అడిగింది. ఎందుకైనా మంచిదని ఒక్క దారం లాగి చూద్దామన్నాను. లాగి మంట దగ్గర పెట్టాం. ముడుచుకుపోయి, చివర నల్లటి గట్టి పూస అయింది. ప్లాస్టిక్ వాసన.

ఇంకో దారం లాగింది అక్క. అదే పూస.

ఏమీ మాట్లాడలేదు. ఆ ముక్కని బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసి, నవ్వింది. తర్వాత ఏడ్చింది. పెళ్ళికి రెండు చీరలు కొన్నారట. కూతురికి ఒకటి, తనకి ఒకటి. రెండూ ఒకే కొట్లో, రెండూ పట్టే అని వాళ్ళమ్మ చెప్పారట. "ఎందుకమ్మా నీకూ అంత ఖరీదైనది" అని అక్క ఆ రోజు కొంచెం కోపంగానే అందట. ఎనిమిదేళ్ళు ఆ మాట అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి తన పెళ్ళి చీర లోపలి అంచు నుంచి ఒక దారం లాగి చూసింది. నాకు మెసేజ్ పెట్టింది: "వెంట్రుక వాసన వచ్చింది తమ్ముడూ. నాది పట్టే."

అమ్మ అబద్ధం చెప్పింది, అది పాపమా కాదా అని మీరు చర్చ పెట్టకండి. నేనైతే ఆ జోలికి వెళ్ళను.

నాకు అప్పుడు యొప్పే ఊరి మేడగది గుర్తొచ్చింది. తబితా, గ్రీకులో దొర్కా, రెండు పేర్లకీ అర్థం లేడి అనే. ఆమె చనిపోతే కడిగి మేడగదిలో పడుకోబెట్టారు. లుద్ద నుంచి పేతురుని పిలిపించారు. ఆయన వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు చూపించారు (అపొస్తలుల కార్యములు 9). ఆమె నోటి మాట ఒక్కటి కూడా లూకా రాయలేదు. ఆమె ఏం ప్రార్థించిందో, ఏం బోధించిందో మనకి తెలియదు. బట్టలు మాత్రమే ఉన్నాయి. పేతురు అంతటి అపొస్తలుడు ఆ గదిలో వాటిని చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ నేను ఆ భాగం చదివేటప్పుడు ఆ వచనం దాటేసి నేరుగా "లెమ్ము" దగ్గరికి వెళ్ళిపోయేవాడిని. అసలు అద్భుతం అక్కడుందని. ఇప్పుడు ఆ చూపించే చేతుల దగ్గర ఆగుతున్నాను. పోయినవాళ్ళ బట్ట పట్టుకుని "చూడండి, నా కోసం ఇది చేసింది" అనే దుఃఖాన్ని పరిశుద్ధాత్మ దాచలేదు, కసురుకోలేదు, వాక్యంలో రాయించాడు.

దొర్కా లేచింది. అక్క వాళ్ళమ్మ లేవలేదు, ఇంకా. ఈ తేడాని మాటలతో పూడ్చడం నాకు చేతకాదు, ప్రయత్నించను కూడా. యాకోబు కత్తికి బలయ్యాడు, పేతురు విడుదలయ్యాడు, రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. సంఘం ఇద్దరి కోసమూ ఏడ్చే ఉంటుంది.

అక్క ఆ ముక్కతో దూతని పూర్తి చేసింది. పాలిస్టరే కాబట్టి అంచులు మంటతో చక్కగా మూసుకున్నాయి, ఒక్క దారం లేవదు. "అమ్మ ఇది కూడా ఆలోచించే కొన్నదేమో" అని నవ్వింది. పాప తన దూతని మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక అమెరికన్ ముసలమ్మకి ఇచ్చేసింది. "ఇది మా అమ్మమ్మ కాదు, మా అమ్మమ్మ చీర" అని స్పష్టంగా చెప్పి మరీ ఇచ్చింది. వీడియోలో నేను చూపించినది అక్క చేసినది. షూటింగ్ అయ్యాక తిరిగి ఇచ్చేశాను.

ప్రార్థన చేసుకుందాం.

ప్రభువా, ఈ క్రిస్మస్‌కి ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉన్నవాళ్ళు ఇది చదువుతున్నారు. కడసారి చూసుకోలేకపోయినవాళ్ళు, కోపంలో అన్న మాట వెనక్కి తీసుకోలేకపోయినవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఉన్న చీర ముక్క నీకు తెలుసు. పసివాళ్ళకి మేము తేలిక మాటలు చెప్పినందుకు క్షమించు, నిజం చెప్పే ఓపిక ఇవ్వు. నీలో నిద్రించిన మా వాళ్ళని వాళ్ళ పేరుతో, వాళ్ళ గొంతుతో మాకు మళ్ళీ చూపించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.